పాలపన్ను లోతుగా పుచ్చితే: నొప్పి ఆగిందని మీరు ఆగిపోకండి

రాత్రి రెండు గంటలకి పిల్ల మంచం మీద లేచి కూర్చుని, అరచేత్తో దవడ అదిమిపట్టుకుని, ఏడవకుండా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. లైటేసి, ఫోన్ టార్చి పట్టి నోరు తెరవమన్నాను. కింద కుడివైపు దవడపన్ను మీద మూడు వారాల క్రితం పెట్టించిన తెల్ల ఫిల్లింగ్ చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కన చిగురు మాత్రం ఎర్రగా ఉబ్బి ఉంది. మా పాపకి అప్పుడు ఐదేళ్లు. ఫిల్లింగ్ చేసినచోట ఎక్స్‌రే తీయలేదు, అడగాలని మాకు తెలీదు.

నాలుగు రాత్రులు అలా గడిచాక నొప్పి దానంతటదే పోయింది. ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. పది రోజుల తర్వాత పళ్లు తోముతుంటే "అమ్మా, నోట్లో ఉప్పగా ఉంది" అంది. పెదవి పక్కకి లాగి చూస్తే ఆ పన్ను కింద చిగురు మీద బియ్యపు గింజంత పొక్కు, కొనలో పసుపుపచ్చగా చీము. నొప్పి తగ్గింది పన్ను బాగై కాదు, లోపల నరం చచ్చిపోయి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే పాపకి చిన్న ట్రీట్‌మెంట్‌తో సరిపోయేదేమో. అందుకే మాకు తెలిసింది, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

"ఎలాగూ ఊడిపోయే పన్నేగా"

ఈ మాట మా ఇంట్లోనూ వచ్చింది, మీ ఇంట్లోనూ వస్తుంది. పాలపళ్లు మొత్తం ఇరవై. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి, నిజమే. కానీ వెనక దవడపళ్లు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య గానీ ఊడవు. అంటే ఐదేళ్ల పిల్ల ఆ పన్నుతో ఇంకా ఐదారేళ్లు అన్నం నమలాలి. దాని వేళ్ల కిందే శాశ్వత పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది, చీము చాలాకాలం అక్కడే నిలిస్తే ఆ కొత్త పన్ను పైపొర కూడా మచ్చలతో, గుంటలతో రావచ్చు. పన్ను ముందే తీసేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, తర్వాత రావాల్సిన పన్నుకి దారి ఉండదు.

ఇంకో సంగతి. ఆరేళ్ల ప్రాంతంలో ఆఖరి పాలపన్నుకి వెనకాల ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అది దేన్నీ ఊడగొట్టుకుని రాదు కాబట్టి చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పుచ్చిన పాలపన్ను పక్కనే ఉంటే దానికీ ముప్పే.

పాలపళ్ల మీద ఎనామిల్ పెద్దవాళ్ల పళ్ల కంటే పల్చన, లోపల నరం ఉండే గది పంటి సైజుకి పెద్దది. అందుకే పెద్దవాళ్లకి ఏళ్లు పట్టే పుచ్చు పిల్లల్లో నెలల్లోనే నరం దాకా వెళ్లిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా, లోపల గుల్లయిపోయి ఉండొచ్చు.

ఎంత లోతుకి వెళ్లిందో ఇంట్లో ఎలా పసిగట్టాలి

కచ్చితంగా చెప్పేది డాక్టరే, కానీ మీరు గమనించి చెప్పే వివరాల మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఐస్‌క్రీమో, చల్లటి నీళ్లో, తీపో తగిలినప్పుడు జివ్వుమని, అది తీసేయగానే ఆగిపోతుంటే నరం ఇంకా బతికుంది, కాపాడుకోవచ్చు అని అర్థం. ఏమీ తినకుండానే నొప్పి రావడం, నిద్రలో లేపేయడం, ఒకసారి వస్తే చాలాసేపు ఉండిపోవడం, ఇవి నరం బాగా దెబ్బతిన్న గుర్తులు. చిగురు మీద పొక్కు, పన్ను కదలడం, వేలితో తడితే నొప్పి, దవడ వాపు ఉంటే ఇన్‌ఫెక్షన్ వేళ్లు దాటి ఎముకలోకి వెళ్లిందని. ఒకటి మర్చిపోకండి, అన్నం ముద్ద పళ్ల సందులో ఇరుక్కున్నా నొప్పి పుడుతుంది, కాబట్టి డాక్టర్ దగ్గర "తిన్నప్పుడా, తినకుండానా, రాత్రా, ఎంతసేపు" ఈ నాలుగూ విడివిడిగా చెప్పండి. నేను ఫోన్‌లో రోజూ రాసుకున్నాను, చాలా పనికొచ్చింది.

చిన్నపిల్లలు నొప్పి అని చెప్పరు. ఒకవైపే నమలడం, చపాతీ ముక్క నోట్లో పెట్టుకుని గంటసేపు అలాగే ఉంచుకోవడం, ఇష్టమైనది కూడా వద్దనడం, బ్రష్ ఒకచోటికి వెళ్లగానే తల తిప్పేయడం, వీటిని కనిపెట్టాలి.

రాత్రిపూట నొప్పి వస్తే

ముందు గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించమనండి, పుచ్చులో ఇరుక్కున్నది బ్రష్‌తో మెల్లగా తీయండి. తర్వాత పారాసిటమాల్. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకి 10 నుంచి 15 ఎంజీ, ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు, రోజుకి నాలుగు డోసులు దాటకూడదు. ఇక్కడే తప్పులు జరుగుతాయి, ఎందుకంటే సిరప్‌లన్నీ ఒకటి కావు. 5 ఎంఎల్‌లో 120 ఎంజీ ఉండేదీ ఉంది, 250 ఎంజీ ఉండేదీ ఉంది. 15 కిలోల పిల్లకి 150 నుంచి 225 ఎంజీ కావాలంటే మొదటిదానితో 6 నుంచి 9 ఎంఎల్, రెండోదానితో 3 నుంచి నాలుగున్నర ఎంఎల్. సీసా మీద చదివి, లెక్క వేసి, సీసాతో వచ్చిన కప్పుతోనో సిరంజితోనో కొలిచి పోయండి, వంటింటి చెంచాతో వద్దు. జలుబు సిరప్ కూడా వాడుతున్నట్టయితే అందులోనూ పారాసిటమాల్ ఉందేమో చూసుకోండి.

ఐబుప్రోఫెన్ పంటినొప్పికి బాగా పనిచేస్తుంది, కానీ డాక్టర్‌ని అడిగే ఇవ్వండి, కడుపు నిండా తిన్నాకే ఇవ్వండి. వానాకాలంలో మన వైజాగ్‌లో డెంగీ తిరిగే రోజుల్లో పంటినొప్పితో పాటు జ్వరం కూడా ఉంటే దాని జోలికి వెళ్లొద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ని పన్నెండేళ్ల లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి.

లవంగ నూనె గురించి. మా అత్తగారు దూదిలో ముంచి తెచ్చారు, ప్రేమతోనే తెచ్చారు, కానీ నేను పెట్టనివ్వలేదు. ఆ నూనె చిగురుని కాలుస్తుంది, పసిపిల్లలు కొంచెం ఎక్కువ మింగితే ప్రమాదం. నొప్పి ఉన్న పన్ను దగ్గర మాత్ర పొడి చేసి పెట్టడం కూడా అంతే, చిగురు తెల్లగా కాలిపోతుంది.

యాంటీబయోటిక్ విషయం కొంచెం గట్టిగా చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి మూడు రోజులు వాడితే నొప్పి తగ్గినట్టుంటుంది, పన్ను మాత్రం బాగవదు. లోపల చచ్చిన నరం దాకా రక్తం వెళ్లదు, మందూ వెళ్లదు. వాపు ముఖానికి పాకినప్పుడో, జ్వరం ఉన్నప్పుడో డాక్టర్ రాసిస్తే వాడాలి, అప్పుడు కూడా పన్నుకి చేయాల్సింది చేయించాలి.

ఇప్పుడు చెప్పేవి ఉంటే తెల్లారేదాకా ఆగకండి: బుగ్గ వాపు కంటి దాకా పాకడం, దవడ కిందో మెడ దగ్గరో గట్టిగా ఉబ్బడం, నోరు తెరవలేకపోవడం, ఉమ్మి కూడా మింగలేక చొంగ కార్చడం, ఊపిరి ఇబ్బంది, వాపుతో పాటు ఎక్కువ జ్వరం, పిల్ల మగతగా పడి ఉండడం. కేజీహెచ్ (వైజాగ్ కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, రాత్రంతా తెరిచి ఉండే దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో వెంటనే తీసుకెళ్లండి. డెంటల్ క్లినిక్ తెరిచేవరకు చూద్దాం అనే సందర్భం కాదు అది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం అడగాలి

పిల్లల పళ్లకి ప్రత్యేకంగా చదివినవాళ్లని పెడోడాంటిస్ట్ అంటారు, బీడీఎస్ తర్వాత పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్ చేసినవాళ్లు. లోతు పుచ్చుకి వాళ్ల దగ్గరికే వెళ్లండి. ఊళ్లో ప్రైవేటు క్లినిక్‌లు చాలానే ఉన్నాయి. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, తగరపువలస దగ్గర సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి, రెండింటిలోనూ పిల్లల దంత విభాగం ఉంది. కాలేజీల్లో సాధారణంగా బయటికంటే తక్కువే అవుతుంది, పీజీ డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, కాకపోతే టైం ఎక్కువ పడుతుంది. మేం ఉండేది గాజువాక, మాకు రుషికొండ అంటే ఊరి ఆ చివర. అందుకని తినడానికి, ఆడుకోవడానికి తీసుకుని పొద్దున్నే బయల్దేరేవాళ్లం.

అడగాల్సిన మొదటి ప్రశ్న: "డాక్టర్ గారూ, ఎక్స్‌రే తీశారా, నాకు ఒకసారి చూపిస్తారా?" నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే అది. ఒకటి తీస్తే తగిలే రేడియేషన్, ఒకటి రెండు రోజుల్లో ప్రకృతి నుంచి మనందరికీ సహజంగా తగిలేదానికంటే ఎక్కువ కాదు. అందులో మూడు చూస్తారు: పుచ్చు నరానికి ఎంత దగ్గరికి వచ్చింది, వేళ్లు చీలే చోట ఎముక కరిగి నల్లగా ఉందా, కింద కొత్త పన్ను ఎక్కడిదాకా వచ్చింది. ఈ మూడు తెలియకుండా లోతు పుచ్చుకి ఫిల్లింగ్ పెట్టించకండి. మాకు జరిగింది అదే.

పిల్లకి గుండె జబ్బు, రక్తం గడ్డకట్టని సమస్య, ఉబ్బసం, ఫిట్స్, ఏ మందైనా పడకపోవడం లాంటివి ఉంటే అడగకముందే చెప్పండి. ట్రీట్‌మెంట్ ఏది చేయాలన్నది కూడా దాన్నిబట్టి మారిపోవచ్చు.

లోతును బట్టి ట్రీట్‌మెంట్

పుచ్చు లోతుగా ఉన్నా నరం దాకా వెళ్లకపోతే, మొత్తం గీకేయాల్సిన పనిలేదు. అంచుల్లో శుభ్రంగా తీసి, నరం మీద ఉన్న పల్చటి పుచ్చుపొరని అలాగే వదిలి, పైన మందు పెట్టి గాలి చొరకుండా మూసేస్తారు. లోపల ఉండిపోయిన క్రిములకి తిండి అందక పుచ్చు ఆగిపోతుంది. "అదేంటి, పుచ్చు వదిలేస్తారా" అని భయపడకండి, మొత్తం గీకితేనే నరం బయటపడే ప్రమాదం ఎక్కువ. ఇలాంటి పన్నుకే ఇంకో పద్ధతి ఉంది. ఇంజెక్షన్ లేకుండా, డ్రిల్ లేకుండా స్టీల్ క్యాప్‌లో సిమెంట్ నింపి పన్ను మీద నొక్కి కూర్చోబెట్టేస్తారు. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు ఇలా చేస్తూ వచ్చారు, ఆవిడ పేరుతోనే హాల్ టెక్నిక్ అంటారు. ఒకటి రెండు వారాలు కొరుకు కొంచెం ఎత్తుగా అనిపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

కుర్చీలో కూర్చోలేని చిన్న పిల్లలకి ఎస్‌డీఎఫ్ అనే వెండి ఫ్లోరైడ్ ద్రవం రాసి పుచ్చుని ఆపొచ్చు. సూది లేదు, నొప్పి లేదు, కానీ పుచ్చిన భాగం నల్లగా అయిపోయి అలాగే ఉండిపోతుంది, ముందు పళ్లయితే ఆలోచించుకోండి. నరం చేరిన పన్నుకి, చీము ఉన్న పన్నుకి ఇది పనికిరాదు.

పుచ్చు నరానికి తగిలి, వేళ్లలోని నరం ఇంకా ఆరోగ్యంగా ఉంటే పల్పాటమీ. పన్ను పైగదిలో ఉన్న నరం మాత్రం తీసేసి, వేళ్లలోది బతికే ఉంచుతారు. నరం కోసిన చోట తడి దూది పెట్టి కొన్ని నిమిషాలు అదుముతారు. రక్తం ఆగితే వేళ్లు బాగున్నట్టు, దాని మీద మందు పెట్టి మూసేస్తారు. ఆగకపోతే చెడు లోపలికి వెళ్లిందని, అక్కడికక్కడే ప్లాన్ మారిపోతుంది. అందుకే "మధ్యలో పల్పెక్టమీ, అంటే వేళ్లలోని నరం కూడా తీయడం, అవసరమైతే ఏం చేస్తారు, ఎంతవుతుంది" అని ముందే మాట్లాడుకుని కూర్చోబెట్టండి, పిల్ల నోరు తెరిచి ఉన్నప్పుడు బయటికొచ్చి లెక్కలు చెప్తే మన బుర్ర పనిచేయదు. పెట్టే మందు ఏదో కూడా అడగండి. పూర్వం ఫార్మోక్రెసాల్ ఎక్కువ వాడేవారు, అందులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఇప్పుడు ఎంటీఏ, బయోడెంటిన్ లాంటివాటి వైపు మొగ్గు, ఖర్చు కొంచెం ఎక్కువే కానీ నేనైతే అదే ఎంచుకుంటాను.

వేళ్లలోని నరం కూడా చచ్చిపోతే పల్పెక్టమీ, అందరూ పిల్లల రూట్ కెనాల్ అనేది ఇదే. మా పాపకి చేసింది ఇదే. నరం మొత్తం తీసి, వేళ్ల లోపల కడిగి శుభ్రం చేసి, పేస్టు నింపుతారు. పెద్దవాళ్లకి పెట్టే గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం ఇక్కడ పెట్టరు, ఎందుకంటే కింద నుంచి కొత్త పన్ను వచ్చేకొద్దీ పాలపన్ను వేళ్లు కరగాలి, ఆ పేస్టు కూడా వాటితో పాటే కరగాలి. కొత్త పన్నే లేని పిల్లల్లో మాత్రం సంగతి వేరు. ఒక్క సిట్టింగ్‌లో అయిపోవచ్చు, చీము ఉంటే రెండు.

ఇక క్యాప్. నొప్పి పోయింది, లోపల నింపేశారు, స్కూల్ మొదలైంది, క్యాప్ తర్వాత చూద్దాంలే అనుకుంటాం. అక్కడే చేసినదంతా పోతుంది. నరం ట్రీట్‌మెంట్ చేసిన దవడపన్నుకి గోడలు పల్చబడి ఉంటాయి, చిన్న ఫిల్లింగ్‌తో వదిలేస్తే గోడ విరిగి ఉమ్మి లోపలికి దిగుతుంది, మళ్లీ చీము. దవడపళ్లకి స్టీల్ క్యాప్ చాలు, గట్టిగా ఉంటుంది, చౌక. తెల్లగా కావాలంటే జిర్కోనియా ఉంది, దానికి పన్ను ఎక్కువ అరగదీయాలి, ఖర్చూ ఎక్కువ, ముందు పళ్లకి బాగుంటుంది. మా పాప ఆ స్టీల్ క్యాప్‌ని వెండిపన్ను అని ఇల్లంతా తిరిగి చూపించింది, నానమ్మకి రెండుసార్లు.

తీసేయడమే మంచిదనే సందర్భాలు కూడా ఉన్నాయి: ఎముక బాగా కరిగిపోయినప్పుడు, క్యాప్ నిలవడానికి పన్నే మిగలనప్పుడు, ఊడే టైం దగ్గరపడి వేళ్లు కరిగిపోయినప్పుడు. అప్పుడు "స్పేస్ మెయింటైనర్ కావాలా" అని తప్పకుండా అడగండి. పక్క పన్నుకి ఉంగరం లాంటి బ్యాండు, దానికో తీగ, ఆ ఖాళీని కాపాడుతుంది. ముందు పళ్లు తీసినప్పుడు సాధారణంగా అవసరం రాదు. వెనక దవడపళ్లకి, అందులోనూ ఆరేళ్ల పన్ను ఇంకా రాకముందు తీయాల్సి వస్తే, చాలా అవసరం.

కుర్చీ ఎక్కే రోజు

పొద్దున్న అపాయింట్‌మెంట్ తీసుకోండి, పిల్ల నిద్రపోయి లేచి హుషారుగా ఉంటుంది. "అస్సలు నొప్పి ఉండదు" అని మాటివ్వకండి, సూది మాట మీరు ఎత్తకండి, డాక్టర్ వాళ్ల మాటల్లో చెప్తారు. "అల్లరి చేస్తే సూది పొడిపిస్తాను" అని ఇంట్లో ఎప్పుడూ అనకూడదు, ఆ మాట కుర్చీలో గుర్తొస్తుంది. మా డాక్టర్ గారు పాపతో "తల్లీ, నీ పన్నుకి రెయిన్‌కోట్ తొడుగుతాను" అని, పన్ను చుట్టూ తొడిగే రబ్బరు గుడ్డని ముందు తన వేలికి తొడిగి చూపించారు. ఆ రబ్బరు షీట్ ఉంటే నీళ్లూ మందులూ గొంతులోకి వెళ్లవు.

మూడేళ్ల లోపు పిల్లకి ఏడెనిమిది పళ్లు ఒకేసారి చేయాల్సి వస్తే పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రిలోనే చేయించండి, ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలని చెప్పారో అది తూచా తప్పకుండా పాటించండి, ఏడుస్తోందని ఒక్క బిస్కెట్ కూడా పెట్టకూడదు.

తిమ్మిరి ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది. ఈ టైంలో పిల్లలు వింతగా ఉందని పెదవి కొరికేసుకుంటారు. మర్నాటికి పెదవి ఉబ్బి, తెల్లటి పుండు పడి, ఇన్‌ఫెక్షన్ ఏమో అనుకునేంత భయంకరంగా కనిపిస్తుంది. ఇంటికొచ్చే దారంతా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని నోటివైపే చూస్తూ వచ్చాను. తిమ్మిరి పోయేదాకా నమిలేవి వద్దు, తర్వాత పెరుగన్నం, ఇడ్లీ లాంటి మెత్తటివి. ఒకటి రెండు రోజులు కొద్దిగా నొప్పి ఉండొచ్చు. వాపు, జ్వరం, కొత్తగా పొక్కు వస్తే మాత్రం ఫోన్ చేయాల్సిందే.

మిగతా పళ్ల సంగతి

ఒక పన్ను లోతుగా పుచ్చిందంటే మిగతావాటికీ పుచ్చే పరిస్థితి ఆ నోట్లో ఉన్నట్టే. మన దగ్గర ఎక్కువమంది "అనకాపల్లి బెల్లమే కదా, పంచదార కాదు" అనుకుంటారు. క్రిములకి రెండూ ఒకటే. మాడుగుల హల్వా, మామిడి తాండ్ర, తీర్థంలో కొనే జీళ్లు పళ్లకి అతుక్కుని గంటలు ఉంటాయి, అది అసలు సమస్య. తినొద్దని కాదు, భోజనంతో పాటు ఒకేసారి పెట్టి నీళ్లు తాగించండి. రోజంతా కొంచెం కొంచెం చప్పరించడమే పళ్లని తినేస్తుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం ఆపించండి, పైముందు పళ్లు నాశనమయ్యేది దానివల్లే.

పేస్టు మీద ఫ్లోరైడ్ ఎంతో చదవండి, 1000 పీపీఎం దగ్గర ఉండాలి. పిల్లల పేస్టు అని బొమ్మలేసి అమ్మే కొన్నిట్లో సగమే ఉంటుంది, కొన్నిట్లో అసలుండదు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్లకి బఠాణీ గింజంత. రాత్రి బ్రష్ మీరే చేయాలి, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా, ఎందుకంటే వెనక పళ్ల దాకా పిల్లల చెయ్యి తిరగదు. మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్ దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ వేయిస్తే మంచిది.

క్యాప్ పెట్టించాక ఆరు నెలలకోసారి చూపించండి, డాక్టర్ అడిగితే ఎక్స్‌రే కూడా. నరం ట్రీట్‌మెంట్ చేసిన పన్ను నొప్పి లేకుండానే మళ్లీ పాడవ్వొచ్చు. నేను ఆదివారం తలంటు పోసేటప్పుడు పాప పెదవి పక్కకి లాగి ఆ పన్ను కింద చిగురు చూస్తాను, వేలితో ఒకసారి నొక్కుతాను. పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ముందు పళ్లు నాలుగు కొత్తవి వచ్చేశాయి, వెండిపన్ను ఇంకా గట్టిగానే ఉంది. పోయినసారి ఎక్స్‌రేలో దాని వేళ్ల మధ్య కొత్త పన్ను తెల్లగా కనిపించింది, ఇంకో రెండేళ్లలో అది పైకొచ్చి క్యాప్‌తో సహా పాతదాన్ని తోసేస్తుందని డాక్టర్ గారు చెప్పారు.